కర్రకంటిన బురద

ఏమండీ, నాలుగింటికి చేపపిల్లల బండి వస్తుంది. దయచేసి ఒక్క పిల్లను కూడా మన కుంటలో వదలకండి. బండిని వెనక్కి పంపండి.

"నాలుగడుగుల నీళ్లున్నాయే, నీ పుస్తకాలు పక్కన పెట్టు" అని మీరు నిన్న తడిసిన చేతికర్ర చూపించారు. అదే కర్రను ఈ ఉదయం నేనూ దించి చూశాను. నీరు అడుగున్నర, మిగిలిన రెండున్నర అడుగులూ బురద. ఆ తేడా కర్రకు తెలియకపోవచ్చు. ముప్పై ఏళ్లు లెక్కలు బోధించిన మీకు తెలియాలి.

పరీక్ష కోసం రాత్రి బుట్టలో ఉంచి కుంటలోకి దించిన మూడు చేపల్లో రెండు తెల్లవారేసరికి చచ్చి తేలాయి. నీటిలో ప్రాణవాయువు తగ్గిపోయేది ఆ వేళకేనని పుస్తకంలో స్పష్టంగా ఉంది. ఆ పేజీ మీదే మీరు టీ గ్లాసు పెట్టారు. గాలం మాత్రం నెల క్రితమే కొన్నారు.

వానలకు ముందే పూడిక తీస్తే కుంటలో నిజంగానే నాలుగడుగులు నిలుస్తాయి. పూడిక తీసే అతనితో మాట్లాడడానికి వెళుతున్నాను. దీన్ని నిన్నటి వాదనకు క్షమాపణగా భావించకండి.

అన్నట్టు, బతికిన చేప స్నానాలగది బకెట్‌లో ఉంది. మీ స్నానం పెరట్లో కానివ్వండి. మూడింటిలోకీ మొండిది అదే కనుక దానికి మీ పేరు పెట్టాను.