వెళ్ళొస్తానన్న మాట

ప్రియమైన అక్కకు,

ప్రభువు పేరట నీకూ బావగారికీ వందనాలు. నేనిక్కడ బాగున్నాను. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది, బావగారు షుగర్ మాత్రలు వేళకు వేసుకుంటున్నారా, జాయ్ పాలు తాగుతోందా, అన్నింటికీ జవాబు రాయాలి. వీడియో కాల్‌లో నా కూతురి ముఖం చూడగానే నాకు మాట పెగలదు. అందుకే ఈ కాగితం పట్టుకున్నాను.

మా చెల్లెలు పారిస్‌లో ఉందని సరోజినీ నగర్ క్వార్టర్సంతా చాటావట. అంత లేదు తల్లీ. ఢిల్లీకి నోయిడా ఎంతో పారిస్‌కి ఈ ఊరు అంత, అదీ జనం లేని నోయిడా. ఒక స్టేషను, ఒక చర్చి, రెండు రొట్టెల దుకాణాలు, అంతే. ఆదివారం మధ్యాహ్నమైతే వీధిలో పురుగు కనబడదు. కూరలవాడిని భయ్యా అని పిలిచి, గుప్పెడు కొత్తిమీర ఊరికే వేయమనడానికి లేదు. ముందు బోంజూర్ అని పలకరించాలి, లేకపోతే మన వంక చూడరు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. రొట్టె మాత్రం వేడివేడిగా తింటే ప్రాణం లేచొస్తుంది. అందులోకి గోంగూర పచ్చడి ఒక్కటే తక్కువ. ఎవరైనా వస్తుంటే ఒక సీసా పంపు.

ఇక అసలు సంగతి. ఈ వృద్ధాశ్రమంలో ప్రొబేషన్ గట్టెక్కితేనే నా ఉద్యోగం ఖాయం, అప్పుడే జాయ్‌ని రప్పించుకోవడానికి దరఖాస్తు అని నీకు తెలుసు కదా. పోయిన నెల అది చేజారిపోయేంత పనైంది. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు.

నేను చూసుకునేవాళ్ళలో ఒడెట్ అనే పెద్దావిడ ఉంది. రోజూ డ్యూటీ దిగేటప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని, లక్ష్మీ నగర్ కోచింగ్‌లో నేర్చుకున్న ఫ్రెంచిలో, ‘వెళ్ళి మళ్ళీ వస్తాను’ అని చెప్పేదాన్ని. ఆ వయసు మనిషితో ‘వెళ్తున్నాను’ అని ఎలా అంటాం? అమ్మ ఉండి ఉంటే వీపు విమానం మోత మోగించేది.

నేనిటు రాగానే ఆవిడ కోటు తొడిగించుకుని తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంటోందట. సూప్ తెస్తే, ఆ అమ్మాయి వస్తానంది, వచ్చాక తాగుతానని పక్కకు తోసేస్తోందట. నాకేం తెలుసు? ఒకరోజు సూపర్‌వైజర్ మేడమ్ పిలిచి తలుపు వేసింది.

“మీరు ఇప్పుడే వస్తానన్నట్టు చెబుతారు, తెల్లారేదాకా రారు. ఆవిడ తిండి మానేసి ఎదురు చూస్తోంది. అబద్ధాలు చెప్పేవాళ్ళను ముసలివాళ్ళ దగ్గర ఎలా ఉంచను?”

కళ్ళ ముందు జాయ్ ఒక్కతే కనబడింది. వచ్చీరాని ఫ్రెంచిలోనే చెప్పాను, మా ఇళ్ళలో గడప దాటే మనిషి వెళ్తున్నానని అనకూడదని, వెళ్ళొస్తానంటేనే ఇంట్లోవాళ్ళకు ధైర్యమని. ఆమె అంతా విని, ఈ మాట ఒడెట్‌కు కూడా చెప్పండి అంది.

చెప్పాను. ఆ పెద్దావిడ కోటు గుండీలు సవరించుకుంటూ అంతా విని, “మా అబ్బాయి వెళ్తున్నానని చెప్పి వెళ్ళాడు. అన్నంత పనీ చేశాడు,” అంది. నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడే నా చెయ్యి తట్టి, “నువ్వు నీ మాటే చెప్పు. ఎప్పుడొస్తావో కూడా చెప్పు,” అంది.

ఇప్పుడు ‘వెళ్ళొస్తాను, రేపు పొద్దున’ అంటున్నాను. రేపు సెలవైతే ఎల్లుండి అంటాను. ఆవిడ కోటు విప్పి సూప్ తాగుతోంది. నిన్న మేడమ్ పిలిచి, ఉద్యోగం ఖాయమని చెప్పింది. స్తోత్రం చెప్పుకున్నాను.

దాని తండ్రి పోయాక జాయ్‌ని నీ కడుపున పుట్టినదానిలా చూసుకుంటున్నావు. రోజూ బాల్కనీలో నిలబడి ‘మమ్మీ కబ్ ఆయేగీ’ అని నేనెప్పుడొస్తానో అడుగుతోందని రాశావు. దానికీ వెళ్ళొస్తాననే చెప్పి వచ్చాను. ఈసారి వచ్చేది మమ్మీ కాదు, నువ్వే వెళ్తావు, కాగితాలన్నీ రాగానే అని చెప్పు.

చర్చిలో పాస్టరు గారికి, పక్కింటి ఆంటీకి నా వందనాలు. నా కోసం ప్రార్థన చేయండి.

ఒక్క మాట, అక్కా. బయలుదేరే రోజున అది హిందీలోనో ఇంగ్లీషులోనో ఏదో అనేసి కారెక్కేస్తుంది. ఊరుకోవద్దు. గడప దగ్గర ఆపి, ‘వెళ్ళొస్తాను పెద్దమ్మా’ అని తెలుగులో అనేదాకా పంపొద్దు. ఎప్పుడొస్తుందో కూడా చెప్పించుకో.

మీ దీవెనలు కోరే
నీ చెల్లెలు
సుగుణ