తోక ముందటి బరువు

1963 జూన్ 4
తాండూరు నుంచి అనంతయ్య సారు వచ్చాడు. నా బిడ్డ పద్మకు ఇంగ్లీషు చెప్తాడట. దానికి టెలిఫోన్ ఆపరేటర్ నౌకరీ ఇంటర్వ్యూ ఉంది. రాజేందర్ ఉంటే ఈ మనిషికి మా గడప ఎక్కే పని లేదు. చెల్లెకు ఇంగ్లీషు నేర్పింది వాడే. పోయిన వానాకాలం టైఫాయిడ్ వచ్చి నా కొడుకు పోయాడు.
ఈ సారు తలకు నూనె మరీ ఎక్కువ పెడతాడు. నాకు నచ్చలేదు.

జూన్ 7
జొన్నరొట్టెలు చేస్తూ చెవి అటే పెట్టాను. సారు వేలితో బల్ల మీద కొడుతున్నాడు. టెలిఫోన్ అన్నప్పుడు టె దగ్గర టక్కుమనిపించాడు. టెలిఫోనిక్ అన్నప్పుడు ఫో దగ్గర. పద్మ కూడా అట్లే కొట్టింది. ఒక మాటకు ఒకచోట, ఇంకో మాటకు ఇంకోచోట. ఇది చదువేనా? ఏదో సైగ.

జూన్ 8
పక్కింటి అలీమాబీకి చెప్పాను. దాని కడుపులో మాట దాగదు, అయినా చెప్పాను. సారు బల్ల గొడుతుండో, నీ బిడ్డ గుండె గొడుతుందో, జర చూస్కో అక్కా అని నవ్వింది. నవ్వులాటకే అంది. నేను మాత్రం చూస్కోవాలనే అనుకున్నాను.

జూన్ 10
తలుపు సందులోంచి చూశాను. ఆయన చూపు పుస్తకం మీదే ఉంది. దొంగకు ఆ మాత్రం తెలివి ఉండదా?

జూన్ 11, పొద్దున
పద్మను నిలదీశాను. గా కొట్టుడేందే, నాకు సమజ్ గాదనుకున్నవా అన్నాను. అది పొట్ట పట్టుకుని నవ్వింది. ఈ ఇంట్లో అంత నవ్వు విని ఎన్నాళ్లయిందో. సైగలు గాదమ్మా, ఇంగ్లీషు మాటల ఒక్కకాడ బరువెయ్యాలె, గంతే అంది. మాట చివర ఇక్ అనో ఇటీ అనో తోక తగిలిస్తే బరువు జరిగి ఆ తోక ముందటికి వచ్చి కూర్చుంటుందట. ఎలెక్ట్రిక్‌లో లె మీద. ఎలెక్ట్రిసిటీలో ట్రి మీద.

అక్కడితో ఊరుకోవలసింది నేను. ఎలెక్ట్రిసిటీ రాజేందర్ మాట. మా గల్లీలో కరెంటు స్తంభాలు పాతినప్పుడు రోజంతా అదే అన్నాడు. ఎ మీద బరువంతా వేసి, అరుగు మీద నుంచి దూకినట్టు. పద్మ కూడా మొన్నటిదాకా అచ్చం అట్లే అనేది. కళ్లు మూసుకుంటే వాడే.

అన్న గట్ల అనకపోతుండె గద అన్నాను.
అన్న తప్పు చెప్పిండమ్మా అంది.

జూన్ 12
తప్పట.

జూన్ 14
ఇన్నాళ్లు ఈయన బిడ్డను ఎత్తుకుపోతాడని భయపడ్డాను. ఎత్తుకుపోతున్నది కొడుకును. పద్మ నోట్లోంచి ఒక్కో మాట తీసేస్తున్నాడు. వాడి గొంతు ఇంకెక్కడుంది నాకు?
రేపటిసంది రావద్దు సారూ, మా పిల్లకు వచ్చిన ఇంగ్లీషు చాలు అన్నాను. ఆయన గొడుగు తీసుకుని మారు మాట్లాడకుండా పోయాడు. మాట్లాడకపోవడమే అనుమానం. పద్మ అన్నం తినలేదు.

జూన్ 22, తాండూరు
ఇంటర్వ్యూకు వెంట వచ్చాను. బయట కూర్చోబెట్టారు. లోపల పద్మతో పేపరు చదివిస్తున్నారు. ఎలెక్ట్రిసిటీ అంది. ఎ మీద బరువు, అదే దూకుడు. నా ప్రాణం లేచి వచ్చింది.
లోపల ఎవరో నవ్వారు. మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ అట్లే చెప్పింది. ఈసారి అందరూ నవ్వారు.
బయటికి వచ్చాక, సక్కగ అనరాదా నీకు అని కసిరాను. వస్తదమ్మా, నువ్వు బయట ఇంటున్నవు గద అంది.
రాజేందర్‌ను నడిమిట్ల నిలబెట్టి నవ్వినట్టే అయింది. నిలబెట్టింది నేను.
వచ్చే నెల ఇంకోసారి పిలుస్తారట. స్టేషనుకు పోకముందే సారు ఇల్లు అడుక్కుంటూ పోయాను. పద్మ వీధి చివరే ఆగింది. రేపటిసంది రండి సారూ అన్నాను. లోపల నవ్విన సంగతి, ఎలెక్ట్రిసిటీ రాజేందర్ మాటన్న సంగతి నేనే చెప్పాను.

జూన్ 23
సారు వచ్చాడు. పుస్తకం తెరవకముందు వంటింటి దిక్కు తిరిగి, రాజేందర్ గా మాట ఎట్ల అంటుండె అమ్మా అని అడిగాడు.
ఎందుకడిగాడో. వాడిలాగే ఎ మీద బరువేసి చెప్పాను.
ఆయన సరిదిద్దలేదు.