అంటు కింది చిగురు

తమ్ముడు ఎర్మెస్‌కు,

నా భుజం పట్టేసిందని విని, ఈ ఫిబ్రవరిలో ద్రాక్షతోట కత్తిరింపుకు నువ్వే వస్తానన్నావు. సంతోషమే. కానీ నువ్వు తోటలో అడుగుపెట్టేలోపు ఒక సంగతి చెప్పాలి.

పన్నెండేళ్ల కిందట నాన్న పెంచిన పిన్యోలో రకం తీగలన్నీ మొద్దుదాకా నరికి, వాటిమీద మెర్లో రకం అంటు కట్టావు. "ఈ మొండి ద్రాక్ష ఎవడిక్కావాలక్కా? కాసేది గుప్పెడు, ఆ వైన్ తాగాలంటే అయిదేళ్లు ఆగాలి" అన్నావు. నాన్న ఆ రోజంతా కోళ్లగూడు బాగుచేస్తూ ఉండిపోయాడు. అంటు కిందనుంచి పాత చిగుళ్లొస్తే ఏటా గిల్లేయమని నాకు అప్పజెప్పి వెళ్లావు.

గిల్లాను. గోడవారనున్న వరసలో మాత్రం గిల్లలేదు. అక్కడ ప్రతి మొద్దుకూ ఇప్పుడు రెండు చేతుల్లా రెండు కొమ్మలు. ఒకటి నీ మెర్లో, ఒకటి నాన్న పిన్యోలో. నువ్వొచ్చినప్పుడల్లా ఆ వరసకు అడ్డంగా దుప్పట్లు ఆరేసేదాన్ని. "ఎన్ని దుప్పట్లక్కా నీకు!" అని నవ్వేవాడివి.

పోయిన ఈస్టర్‌నాడు నేను పోసిన వైన్ మూడు గ్లాసులు తాగి, "ఎక్కడ కొన్నావక్కా? అచ్చం నాన్న చేసినట్టే ఉంది" అని కళ్లు తుడుచుకున్నావు. చీవిదాలె సంతలో కొన్నానని అబద్ధమాడాను.

ఒక మొద్దు రెండు రకాలను మొయ్యలేదని నువ్వే అంటావు. ఏదో ఒకటి కొయ్యక తప్పదు. తిట్టాలనిపిస్తే తిట్టు. కత్తెర సానబెట్టించాను, ఆ వైన్ సీసా ఒకటి బయటికి తీశాను. రెండూ వంటింటి బల్లమీదే ఉంటాయి. ముందు సీసా ముట్టుకో.

అక్క