నైట్ షిఫ్టు పుస్తకాలు

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ నీకిష్టమైన పనేదైనా చేద్దామని, నీ కంప్యూటర్‌లోని ఈ-బుక్ లైబ్రరీ తెరిచి పుస్తకాల వివరాలు సరిచేయడం మొదలుపెట్టాను. ఏ రకం పుస్తకమో రాయాల్సిన చోట నువ్వు ‘ఫస్టు షిఫ్టు’, ‘సెకండు షిఫ్టు’, ‘నైట్ షిఫ్టు’ అని రాసిపెట్టావు. గని డ్యూటీ ధ్యాసలో రాశావనుకున్నాను. అన్నీ చెరిపేసి నవలలు, కథలు అని మార్చేశాను. ఇప్పుడు పద్ధతిగా ఉందని మురిసిపోయాను కూడా.

సాయంత్రం, బొగ్గుబాయిలో నీతో పనిచేసిన సమ్మయ్యన్న వచ్చాడు.

“చెల్లె, రేపటి సంది నాకు నైట్ షిఫ్టు. పొద్దుగాల ఇంటికొస్తే నిద్ర పట్టది. మీ అన్న ఏ షిఫ్టుకు ఏది సదవాల్నో ఏరిపెట్టిండు గదా, నైట్ షిఫ్టువి నా ఫోన్ల ఎక్కియ్యి.”

ఎంత వెతికినా చెరిపిన షిఫ్టు పేర్లు తిరిగి రాలేదు. చేతికి దొరికిన నవల ఒకటి ఎక్కించాను.

“అన్న ఏరిందైతే ఇగ ఫికర్ లేదు,” అంటూ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

నువ్వు ఏరింది కాదని చెప్పకుండానే సాగనంపాను. ఎల్లుండి పొద్దున డ్యూటీ దిగి వచ్చి, నిన్ను నమ్మి ఆయన ఆ నవల తెరుస్తాడు.