నీళ్లు ఎన్ని ఇంచులు?

తడ,
ఆదివారం.

అన్నకు,

చెల్లెలు రేవతి నమస్కారం చేసి రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను. నువ్వూ వదినా బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? ఫోన్లో అయితే నీ గొంతు వినగానే మెత్తబడిపోతాను, అందుకని కాగితం పట్టుకున్నాను.

హాస్టల్ అన్నం బాగానే ఉంది, కంగారుపడొద్దు. మూడు పూటలా సాంబారే. ఎవరైనా ఇటు వస్తుంటే వదిన రోట్లో నూరే ఊరుబిండి పచ్చడి పంపించు. గాలి మాత్రం ఒకటే జిడ్డు, మన ఐరాల గాలి కాదు. ఫ్యాక్టరీలో నా పని చిన్న చిన్న ఇనుప గొట్టాలు కొలవడం. మొదట్లో నోటికి ఇంచులే వచ్చేవి. సూపర్‌వైజరమ్మ తమిళావిడ, "ఇంచి పేరెత్తొద్దు మ్మా, మిల్లీమీటర్ సొల్లు" అని, మిల్లీమీటర్లలోనే చెప్పమని తిట్టి తిట్టి మార్చింది. ఇంచుకు ఇరవై ఐదు పాయింటు నాలుగు. ఇప్పుడు దోసె చూసినా, దువ్వెన చూసినా మనసులో లెక్క కట్టేస్తున్నాను. కాలు ఒకచోట నిలవడం లేదన్నా.

కారణం నువ్వే. బోరులో నీళ్లు పడితే నేను ఉద్యోగం మానేసి రావాలని, ఇద్దరం కలిసి టమాటా పెట్టాలని అనుకున్నాం కదా. పోయిన వారం నువ్వు ఫోన్ చేసి, "రెండించుల నీళ్లు పడినాయి మే! వచ్చెయ్, ఇంగ ఆడ నీకేం పని?" అని అరిస్తే ఎగిరి గంతేశాను. ఇక్కడేమో పర్మనెంటు చేస్తామంటున్నారు, ఉంటావో పోతావో నెలాఖరులోగా చెప్పమన్నారు. పోతానని చెప్పడానికి బయల్దేరే ముందు నువ్వు పంపిన బోరు నీళ్ల వీడియో ఇంకోసారి చూశాను.

రెండించుల నీళ్లంటే రెండించుల పైపు నిండా దూకాలి. నీ పైపు రెండించులదే. నీళ్లు మాత్రం అడుగున పారుతున్నాయి. వీడియో ఆపి ఫోన్ మీద స్కేలు పెట్టాను. తెర మీద పైపు నోరు ఇరవై మిల్లీమీటర్లు, నీళ్ల మందం ఐదు. పావు వంతు. అంటే అర ఇంచు. తప్పు కొలిచానేమోనని మళ్లీ మళ్లీ కొలిచాను. పక్క మంచం సుభద్ర, గూడూరమ్మాయి, "కొలిస్తే నీళ్లు పెరగతాయా యేంది?" అని ఫోన్ లాక్కుంది.

మొదట నీ మీద మండిపడ్డాను. తర్వాత, నేను రావాలనే అలా అన్నావని అర్థమై ఏడ్చాను. నాకూ రావాలనే ఉంది. కానీ అర ఇంచుతో ఎకరం టమాటా తడవదు. ఉన్న ఉద్యోగం వదిలేసి వస్తే ఇద్దరం గట్టు మీద కూర్చుని మబ్బులు చూడాల్సిందే.

అమ్మకు నా దండాలు చెప్పు, వదినను అడిగానని చెప్పు. నన్ను దీవించు. నీళ్లు ఎన్ని ఇంచులో నెలాఖరులోగా ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పు. "రెండించులే మే" అని నువ్వు ఇంకొక్కసారి అంటే నమ్మి వచ్చేస్తాను. అందుకే అనొద్దన్నా.

ఇట్లు,
నీ చెల్లెలు
రేవతి