పన్నెండు గుర్రాలూ ఒక కాగితమూ

బొమ్మల పరీక్షాశాల అధికారి గారికి,

నమస్కారాలు. నేను చెక్క బొమ్మలు చేసే ముసలివాణ్ణి. ఉత్తరం రాసి చాలా ఏళ్లయింది. తప్పులుంటే మన్నించాలి.

మా మనవరాలికి పది నెలలు. పళ్లొస్తున్నాయి. దొరికిందల్లా కొరుకుతోంది. నేను చేసిన ఎర్ర గుర్రమంటే దానికి ప్రాణం. మా కోడలు ఎక్కడో చదివింది, బొమ్మల రంగుల్లో విషాలుంటాయని. "పరీక్ష చేయించిన కాగితం చూపించండి మామయ్యా, అప్పుడిస్తాను" అని గుర్రాన్ని బీరువా మీద పెట్టేసింది. పాప బీరువా ముందు కూర్చుని పైకి చూస్తోంది. నేనూ చూస్తున్నాను.

మీ నియమం ప్రకారం ఒకే విడతలో చేసిన పన్నెండు గుర్రాలు పంపుతున్నాను. కాగితం ఇప్పించగలరు.

ఇట్లు,
బొమ్మల తాత

తా.క. ఇది రాస్తున్నది నేను, ఆయన భార్యను. ఆయనకు మొహమాటం, సగమే రాస్తారు. నలభై ఏళ్లుగా ఈ బొమ్మల మధ్యే కాపురం చేస్తున్నాను. నాకేం కాలేదు. పళ్లూడాయి గానీ, అది వయసు పని. గుర్రాలను శుభ్రంగా తుడిచి, మెరుపు పోకుండా వెంటనే కవర్లో మూట కట్టాను. ఆఫీసుకొచ్చేవి కదా.

*

బొమ్మల తయారీదారు గారికి,

మీ గుర్రాల మీది పూతను గీకి, సీసాలో మూసి వేడిచేసి, లేచిన ఆవిరిని యంత్రానికి పట్టించాము. టోలుయిన్ అనే ద్రావకం ఉండదగిన దానికన్నా మూడింతలు ఉంది. రంగులు పలచన చేయడానికి దీన్ని వాడతారు. పిల్లల నోట్లోకి పోకూడదు. అందువల్ల కాగితం ఇవ్వలేము. రంగు మార్చి మళ్లీ పంపవచ్చును.

భవదీయురాలు,
పరీక్షాధికారి

తా.క. గీకిన బొమ్మలు తిరిగి ఇవ్వబడవు.

*

అధికారి అమ్మగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ ద్రావకం పేరు నాకు నోరు తిరగలేదు. తిరగనిదాన్ని నేనెలా వాడతాను? లక్కలో రంగు కలిపి కడ్డీ చేస్తాను. మిషను మీద తిరిగే చెక్కకు ఆనిస్తాను. ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. పలచన చేసే పనే లేదు.

గుర్రాలను గీకారని తెలిసి రెండు రోజులు మిషను ముట్టలేదు. ఎక్కడ గీకారు? మొహం మీద కాదు కదా?

మరో పన్నెండు పంపుతున్నాను.

ఇట్లు,
బొమ్మల తాత

తా.క. మళ్లీ నేనే, భార్యను. ఈసారి మీరు వంక పెట్టకుండా రెండుసార్లు తుడిచాను. వాటిలో చూసుకుని తల దువ్వుకోవచ్చు. మూడింతలని వినగానే మా కోడలు బీరువా మీది గుర్రాన్ని సంచిలో వేసి ముడేసింది, అదేదో పామైనట్టు. పాప ఇప్పుడు నా చెప్పు కొరుకుతోంది. చెప్పుకు కాగితం అక్కర్లేదు కాబోలు.

*

తాతగారికి,

ఈసారి పదకొండింతలు. యంత్రం చెడిందనుకుని ఒక రోజంతా శుభ్రం చేసి మళ్లీ నడిపాము. మళ్లీ పదకొండే. మీ మూట విప్పిన మా పక్క బల్ల పెద్దాయనకు తల తిరిగితే కిటికీ దగ్గర కూర్చోబెట్టాము. ఇంకా అక్కడే ఉన్నారు. పని తప్పిందని సంతోషంగానే ఉన్నారు.

మీరు వాడలేదంటారు. యంత్రం వాడారంటుంది. అబద్ధమాడటం దానికి చేతకాదు. చెక్క కోసినప్పటి నుంచి పోస్టులో వేసేదాకా ఏమేం చేస్తారో పూసగుచ్చినట్టు రాయండి.

భవదీయురాలు,
పరీక్షాధికారి

తా.క. మొహాలు గీకలేదు. పొట్టలే గీకాము.

*

అధికారి అమ్మగారికి,

చెక్క కోస్తాను. ఎండబెడతాను. మిషనుకు బిగిస్తాను. ఉలితో మలుస్తాను. లక్క పట్టిస్తాను. ఎండుటాకుతో రుద్దుతాను. కళ్లు దిద్దుతాను. మా ఆవిడకిస్తాను.

అబద్ధమాడటం నాకూ చేతకాదు.

ఇట్లు,
బొమ్మల తాత

తా.క. చూశారా, నా పని ఒక్క ముక్కలో తేల్చేశారు! మా తమ్ముడు ఇనప గేట్లకు రంగులేస్తాడు. బ్రష్షులు కడుక్కునే ఘాటు నీళ్ల డబ్బా ఒకటి మా ఇంట్లో వదిలి వెళ్లాడు. దాంతో తుడిస్తే ఏ మరకైనా ఉండదు. మొదటిసారి ఒక చుట్టు తుడిచాను, రెండోసారి రెండు చుట్లు. అన్ని బొమ్మలకూ ఇంత సేవ చేస్తానా? పెద్దవాళ్ల ముందుకొచ్చేవాటికే ఆ మర్యాద. ఇప్పటికీ మీకు నచ్చకపోతే చెప్పండి, ఈసారి ఒక పూట నానబెడతాను.

*

బామ్మగారికి,

నానబెట్టకండి. ముందు ఆ డబ్బాకు మూత బిగించి, మీ తమ్ముడి ఇంటికి పంపేయండి. కిటికీలు తీయండి. తర్వాత మిగతా ఉత్తరం చదవండి.

మీరు తుడిచిన కొద్దీ మేము కాదన్నాము. మేము కాదన్న కొద్దీ మీరు తుడిచారు. ఇలాగే సాగితే మూడోసారి మా భవనం ఖాళీ చేయాల్సి వచ్చేది. తుడవని గుర్రాన్ని ఒక్కదాన్ని పంపండి. ఒక్కటే చాలని మా పైవాళ్లను ఒప్పించాను.

భవదీయురాలు,
పరీక్షాధికారి

తా.క. తాతగారికి: మిమ్మల్ని అనుమానించాను. తప్పు నాదే. యంత్రం క్షమాపణ చెప్పదు, దాని వంతు కూడా నేనే చెబుతున్నాను.

*

అధికారి అమ్మగారికి,

కొత్త గుర్రం చేసి పంపుదామనుకున్నాను. కోడలు ఒప్పుకోలేదు. "మామయ్యా, కొత్తది మంచిదైతే నాకేం ఒరిగింది? పాప కొరికింది పాతది కదా" అంది. నిజమే.

అందుకని సంచి ముడి విప్పి, ఆ పాత గుర్రాన్నే పంపుతున్నాను. గీకక తప్పదని తెలుసు. తోక కింద పెన్సిలుతో గీత గీశాను. అక్కడ గీకండి. అక్కడ దాన్ని ఎవరూ చూడరు.

ఇది తిరిగి కావాలి. నియమం కాదని తెలుసు. అయినా అడుగుతున్నాను.

ఇట్లు,
బొమ్మల తాత

తా.క. దీన్ని నేను తుడవలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఎంత కష్టమో మీకేం తెలుసు!

*

తాతగారికి, బామ్మగారికి,

ద్రావకం లేదు. మూడుసార్లు చూశాను, లేదు. సంతకం పెట్టి, గుండ్రటి పెద్ద ముద్ర వేసి కాగితం పంపుతున్నాను. గుర్రాన్నీ పంపుతున్నాను. నియమం సంగతి నేను చూసుకుంటాను. పాప నోటికి ఇవ్వవచ్చును.

భవదీయురాలు,
పరీక్షాధికారి

తా.క. కాగితంలో "ఇతర లోపాలు" అన్నచోట "రెండు పంటి గాట్లు" అని రాయక తప్పలేదు.

*

అధికారి అమ్మగారికి,

గుర్రం చేరింది. కాగితం చేరింది. కోడలు రెండుసార్లు చదివి, "నన్ను క్షమించండి మామయ్యా" అంది. నాకు సిగ్గేసి మిషను దగ్గరికి వెళ్లిపోయాను. ఆ సాయంత్రం ఆరు గుర్రాలు చేశాను.

గుర్రాన్ని కోడలే పాప చేతికిచ్చింది. పాప దాన్నొకసారి చూసి పక్కన పడేసింది. కోడలి చేతిలో కాగితం లాక్కుంది. మేము తేరుకునేలోగా ముద్ర తినేసింది. ఇప్పుడు హుషారుగానే ఉంది గానీ, పెదాలు ఊదారంగు.

కోడలు నన్నే చూస్తోంది. "ఈ సిరాకు పరీక్ష చేయించిన కాగితమేదీ?" అంటోంది.

అడగడానికి మొహమాటంగా ఉంది. పన్నెండు ముక్కలు పంపాలని మీ నియమం. పాప తొమ్మిదే మిగిల్చింది. జతపరిచాను. వెనకవైపు గీకగలరు. ముందువైపు మీ సంతకం ఉంది.

ఇట్లు,
బొమ్మల తాత

తా.క. ముక్కలను నేను ముట్టుకోలేదు. తుడిచిందంతా పాపే, నాలుకతో.