వంకర భుజము నాదేనని మనవి

బ్రాయిలా నగరం,
ఫిబ్రవరి 16, శుక్రవారం.

లలితకళా కళాశాల డీన్ శ్రీయుత ఎమిలియాన్ కొస్టాకె గారి సముఖమునకు,

ట్రాము డ్రైవరుగా పదవీ విరమణ చేసినవాడును, పద్నాలుగో గదిలో మనిషి బొమ్మల తరగతికి మోడలుగా నిలబడువాడును, ప్రస్తుతము తమ ఉత్తర్వు వలన బట్టలతో ఇంట కూర్చున్నవాడును అగు పంతెలిమోన్ గురీత్సా, వయస్సు అరవై ఎనిమిది, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: బట్టలు విప్పినందుకు నాకు వచ్చిన తాఖీదు నం. 114 గురించి, రెండో సంవత్సరం విద్యార్థిని ఫెవ్రోనియా ఇవానోవ్‌కు పదికి నాలుగు మార్కులు వేసిన అన్యాయం గురించి, ఈ రెండూ ఒకే భుజానికి సంబంధించినవగుట గురించి.

1. తాఖీదు అందినది. "ప్రదర్శనశాలలో అనుమతి లేకుండా వస్త్రములు విసర్జించి సంస్థ గౌరవమునకు భంగము కలిగించినందున, సంజాయిషీ ఇచ్చువరకు తరగతికి రాకూడదు" అని అందులో ఉన్నది. ఇందుకు నా మనవి ఏమనగా, పదకొండు సంవత్సరాలుగా నేను ఇదే భవనంలో వారానికి నాలుగు రోజులు వస్త్రములు విసర్జించుచున్నాను. తమరి సంతకం గల నియామకపత్రంలో నా విధి అదే. ఒకసారి జలుబు చేసి చొక్కా విప్పనన్నందుకు ఆ పూట హాజరు కొట్టివేశారు. విప్పకపోతే గైరుహాజరు, విప్పితే తాఖీదు అయినప్పుడు మనిషి ఏ గుండీ దగ్గర ఆగవలెనో తెలియజేయ ప్రార్థన. పద్నాలుగో గది గుమ్మానికీ ప్రదర్శనశాల గుమ్మానికీ నడుమ నా లెక్కన పందొమ్మిది అడుగులు. సంస్థ గౌరవం అందులో ఎన్నో అడుగు దగ్గర మొదలవుతుందో అక్కడ నేల మీద ఒక గీత గీయించినా చాలును.

2. ఎలాగూ కాగితం తీశాను గనుక ఇదీ వ్రాస్తున్నాను. పద్నాలుగో గది హీటరు నా కుడి తొడను కాల్చును, ఎడమ తొడను అసలు పట్టించుకోదు. రంగు సుద్దల పాఠంలో పిల్లలు నా కుడివైపు ఎర్రగా, ఎడమవైపు నీలంగా వేస్తే ఆచార్యులు ధైర్యమైన రంగులని మెచ్చుకున్నారు. అది ధైర్యం కాదు, చలి.

3. ఇక అసలు సంగతి. జనవరిలో పిల్లలకు మూడు వారాల బొమ్మ ఇచ్చారు. అంటే నేను ఒకే భంగిమలో, రోజుకు మూడు గంటలు, ఇరవై నిమిషాలకోసారి విరామంతో నిలబడాలి. పాదాల చుట్టూ నేల మీద టేపు అంటించి గుర్తు పెడతారు, మర్నాడు వచ్చి అదే గుర్తులో కాళ్ళు పెట్టాలి. బరువు కుడి కాలి మీద, ఎడమ మోకాలు సడలించి. ఆచార్య డెచెబల్ వ్రాబీ గారు మొదటి రోజే నల్లబల్ల మీద సూత్రం వేశారు: బరువు ఏ కాలి మీద ఉంటే ఆ వైపు తుంటి లేస్తుంది, ఆ వైపు భుజం దిగుతుంది. కనుక నా కుడి భుజం దిగాలి, ఎడమ భుజం లేవాలి.

ఇరవై ముగ్గురు విద్యార్థులలో ఇరవై ఇద్దరు అలాగే వేశారు. ఫెవ్రోనియా మాత్రం ఎడమ భుజం కిందికి వేసింది.

ఈ అమ్మాయి నది సముద్రంలో కలిసే డెల్టాలోని జాలరుల కుటుంబం నుంచి వచ్చింది. మాట తక్కువ. అందరూ దారానికి ఇత్తడి గుండు కట్టి నిలువు చూసుకుంటుంటే, ఈమె తన తండ్రి వల అంచున ఉండే సీసపు గుండు కట్టుకొని చూస్తుంది. రెండో వారంలో వ్రాబీ గారు ఆమె వెనకాల ఆగారు. మోడలుకు కదిలే హక్కు లేదు గాని చెవులు మూసుకొనే నిబంధన ఏదీ లేనందున విన్నాను.

"ఏమ్మా, ఈ భుజానికేమైంది? జారి నదిలో పడిపోతోందా?"

"ఉన్నట్టే వేశాను సార్."

"ఉన్నట్టు వెయ్యడానికి ఫోటో తీసేవాడున్నాడు. నువ్వు తెలుసుకుని వెయ్యాలి. సూత్రం ఏం చెప్పింది?"

"సూత్రం నాకు కనిపించట్లేదు సార్. తాత కనిపిస్తున్నాడు."

క్లాసంతా నవ్వింది. వ్రాబీ గారు మాత్రం నవ్వలేదు. బొగ్గు గీతలు చెరపడానికి పిల్లలు దగ్గర పెట్టుకొనే రొట్టె ముద్ద తీసుకొని, ఆమె కాగితం మీద నా భుజాన్ని స్వయంగా తుడిచేసి, రెండు వేళ్ళ పైన కొత్తది గీసి వెళ్ళారు. విరామం గంట కొట్టేలోపు ఫెవ్రోనియా దాన్ని తుడిచి మళ్ళీ కిందికి దించింది. ఆ వారంలో ఆ భుజం నాలుగు సార్లు ఎక్కి నాలుగు సార్లు దిగింది. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో నా ట్రాము కూడా అన్ని ఎగుడుదిగుళ్ళు చూడలేదు.

4. విరామంలో నేను అంగీ చుట్టుకొని టీ గ్లాసుతో ఆమె బల్ల దగ్గరకు వెళ్ళాను. మోడలు బొమ్మల మీద వ్యాఖ్యానించరాదన్న నిబంధనను ఉల్లంఘించినట్లు ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను. నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. పదకొండేళ్ళుగా ఈ పిల్లలు వేసిన బొమ్మల్లో నన్ను నేను చూసుకుంటున్నాను. అన్నింటిలోనూ నా ఎడమ భుజం ఠీవిగా పైకి లేచి, సైనికుడిలా ఉంటుంది. అదే నేననుకున్నాను.

"ఏం పిల్లా, నన్ను విరిగిన కొయ్య హ్యాంగరులా వేశావేంటి?" అన్నాను.

ఆమె బొగ్గు చేతులు తుడుచుకుంటూ నన్నే చూసింది. "తాతా, మీరు నిలబడినప్పుడే కాదు, ఇప్పుడు టీ తాగుతున్నా అంతే ఉంది. ఏళ్ళ తరబడి ఎడమ చేత్తో ఏదో కిందికి నొక్కిపెట్టే పని చేశారా?"

ట్రాములో వేగం తిప్పే పిడి ఎడమ చేతి కింద ఉంటుంది. చెయ్యి తీస్తే బండి ఆగిపోతుంది. తీయకూడదు.

"నీకెలా తెలుసు?"

"మా నాన్నకి కుడి భుజం అట్లా అయింది. తెడ్డు వల్ల."

ఇంటికి వెళ్ళి మా ఆవిడ ఔరికాను అడిగాను. ఆమె పొయ్యి మీద చారు తిప్పుతోంది.

"ఏమే, నా ఎడమ భుజం దిగి ఉంటుందా?"

గరిటె ఆపకుండానే నవ్వింది. "ఇవాళ తెలిసిందా మహారాజుకి? నలభై మూడేళ్ళుగా నీ కోట్లన్నిటికీ ఎడమ భుజంలో దూది కుట్టేదెవరనుకున్నావు?"

"మరి ఒక్కసారైనా చెప్పలేదే!"

"చెప్తే ఏం చేస్తావయ్యా? తీసి కొత్తది పెట్టించుకుంటావా? బండి తోలేవాడికి భుజం సంగతి చెప్తే బండి మానేస్తాడు. అందుకని దూది పెట్టాను."

అయ్యా, ఆ సాయంత్రం బీరువాలోని నా మూడు కోట్లూ తీసి ఎడమ భుజాలు తడిమి చూశాను. దూది ఉంది. పెళ్ళి కోటులో కూడా ఉంది. పెళ్ళి నాటికి నేను బండి ఎక్కి రెండేళ్ళే. అంటే నన్ను సరిగ్గా చూసినవాళ్ళు ఈ లోకంలో ఇద్దరున్నారు: ఒకరు నా భార్య, రెండోది తమ కళాశాల పదికి నాలుగు వేసిన పిల్ల.

5. పదికి ఐదు వస్తే గాని గట్టెక్కరు. నాలుగు వస్తే ఫెవ్రోనియా ఉచిత సీటు పోతుంది, సీటు పోతే హాస్టలు గది పోతుంది, గది పోతే ఆమె తిరిగి పడవ ఎక్కాలి. ఈ సంగతి ఆమె నాకు చెప్పలేదు. ఫిబ్రవరి తొమ్మిదిన, వ్రాబీ గారు వేసిన మార్కులు ఖాయపరచడానికి నిర్ణేతలు బొమ్మలు చూసే రోజు, ఆమె మెట్ల మీద కూర్చొని తండ్రికి ఫోన్ చేస్తుండగా విన్నాను. "వచ్చేస్తాను నాన్నా. ఏం లేదు. వల బాగుచెయ్యడం మర్చిపోలేదులే" అంటోంది. ఏడవడం లేదు. ఏడిస్తే నేను ఊరుకొనేవాడినేమో.

నేను ప్రదర్శనశాలలోకి వెళ్ళాను. లోపల తమరు, వ్రాబీ గారు, బుకారెస్ట్ నుంచి వచ్చిన నిర్ణేత అమ్మగారు ఉన్నారు. గోడల నిండా నేనే. ఇరవై రెండు చోట్ల సైనికుడిని, ఒక చోట ట్రాము డ్రైవరుని.

"గురీత్సా గారూ, మోడళ్ళకి ఇవాళ ప్రవేశం లేదు," అన్నారు వ్రాబీ గారు.

"ఆ బొమ్మ తప్పు కాదు సార్," అన్నాను.

"అది మీకు తెలీదు. అది శరీరశాస్త్రం."

"శాస్త్రం మీదే సార్. శరీరం నాది."

తరువాత జరిగినది తాఖీదులో ఒక్క వాక్యంలో వ్రాశారు గాని, వరుస తప్పింది. నేను ముందు అనుమతి అడిగాను. తమరు ఆ సమయమున నోటి నిండా జున్ను సమోసా వంటిది ఉంచుకొని ఉన్నందున ఏమీ అనలేదు. మౌనమును అంగీకారముగా భావించితిని. పదకొండేళ్ళ అలవాటు గనుక విప్పడానికి నిమిషం కూడా పట్టలేదు. ఫలహారాల పళ్ళెములను జాగ్రత్తగా కిటికీ మీదకు చేర్చిన తరువాతే బల్ల ఎక్కాను. ఒక్క పళ్ళెము కూడా పగలలేదు. ఈ విషయం తాఖీదులో లేకపోవడం విచారకరం.

ఫెవ్రోనియాను పిలిచాను. ఆమె గుమ్మం దగ్గర ఆగి, "తాతా, దిగండి, పరువు పోతుంది" అంది.

"పరువు పోయింది. ఇప్పుడు భుజాలు కొలువు," అన్నాను.

జేబులోంచి సీసపు గుండు తీసింది. బరువు కుడి కాలి మీద వేసి, ఎడమ మోకాలు సడలించి నిలబడ్డాను. ఆమె కుర్చీ ఎక్కి, కుడి భుజం కొన నుంచి బల్ల దాకా దారం వదిలి, ముడి వేసింది. అదే ముడిని ఎడమ భుజం మీద పెట్టింది. గుండు బల్ల మీద పడుకుంది. దారం మిగిలింది. బుకారెస్ట్ అమ్మగారు కళ్ళజోడు సవరించుకొని దగ్గరికొచ్చి, మిగిలిన దారం పక్కన తన వేళ్ళు పెట్టి చూశారు.

"మూడు వేళ్ళు," అన్నారు. "వ్రాబీ గారూ, సూత్రం ప్రకారం ఇది పైకి ఉండాలిగా?"

వ్రాబీ గారు నా భుజాన్ని చూశారు. పదకొండేళ్ళలో మొదటిసారి చూశారని నా అభిప్రాయం. సరిగ్గా అప్పుడే ప్రదర్శన ప్రారంభానికి వచ్చిన నగర మండలి వారు పూలగుత్తితో తలుపు తీశారు. వారు ఆ వేళకు వస్తారని నాకెవరూ చెప్పలేదు. పూలగుత్తి తెచ్చిన అమ్మగారు దానిని నాకే ఇచ్చారు. ఆ తొందరలో ఎవరికివ్వాలో ఆమెకు తోచలేదు. ఆ సమయంలో అది నాకు బాగా ఉపయోగపడింది కూడా.

6. ఇంత జరిగినా నాలుగు నాలుగుగానే ఉన్నది. విచారించగా, "సాక్ష్యము సక్రమమైన దుస్తులలో సమర్పించబడలేదు" అని తమ కార్యాలయం వారు సెలవిచ్చారు. అయ్యా, భుజమును కోటులో సమర్పిస్తే అందులో దూది ఉంటుంది.

నా స్థానంలో ఇప్పుడు తెల్లని సుద్ద విగ్రహం నిలబెట్టినట్లు తెలిసింది. దానికి చలి లేదు, విరామం అక్కరలేదు, రెండు చేతులూ లేనే లేవు గనుక భుజాల పేచీ కూడా రాదు. నేను దానితో పోటీ పడలేను. కాబట్టి నా కోరిక క్లుప్తంగా: ఫెవ్రోనియా బొమ్మకు న్యాయమైన మార్కు వేయించండి. ఒక ఉల్లంఘనకు ఒకరు బాధ్యులు కావాలనుకుంటే నన్ను తీసేయండి. నాకు పింఛను ఉంది, ఔరికా ఉంది, వీధి చివర చదరంగం ఆడే బల్ల ఉంది. ఆ పిల్లకు ఉన్నది చూపు ఒక్కటే. దాన్ని రొట్టె ముద్దతో తుడిచేయకండి.

ఇంతకు మించి విప్పి చెప్పుకొనుటకు నా వద్ద ఏమియు మిగలలేదని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పంతెలిమోన్ గురీత్సా

తా.క. ఈ అర్జీ శుక్రవారమే ముగించాను గాని పోస్టు చేయలేదు, ఔరికా దగ్గర స్టాంపులు అయిపోయాయి. ఇవాళ ఆదివారం. ఇంతలో ఒక సంగతి జరిగింది.

చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చోబోతుంటే వ్రాబీ గారు తలుపు కొట్టారు. చేతిలో కాగితాల అట్ట. "గురీత్సా గారూ, ఇంకొక్కసారి చూడనిస్తారా?" అన్నారు. వంటింట్లోనే చొక్కా విప్పి నిలబడ్డాను. ఆయన వేశారు. చూస్తే ఎడమ భుజం పైకే ఉంది! చించేశారు. రెండోదీ పైకే పోయింది. "చెయ్యి వినట్లేదండీ," అన్నారు, చిన్నపిల్లాడిలా. మూడోది దిగింది. బొగ్గు బల్ల మీద పెట్టేశారు. "ఎనిమిది. ఆ అమ్మాయికి ఎనిమిది. రేపు క్లాసులో అందరి ముందూ నేనే చెప్తాను," అన్నారు.

అప్పుడు ఔరికా చిక్కుడు గింజల చారు ఆయన ముందు పెడుతూ ఊరుకోకుండా, "బాబూ, మీ మెడ కుడి పక్కకి వాలి ఉంటుంది, మీకు తెలుసా?" అంది.

"లేదండీ. నేను ముప్పై ఏళ్ళుగా శరీరశాస్త్రం చెప్తున్నాను."

"అయితే చొక్కా విప్పండి," అన్నాను నేను.

విప్పారు. కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన బొగ్గు తీసుకొని, జీవితంలో మొదటిసారి నేను బొమ్మ వేశాను. ఆరో నిమిషంలో, "కదలకుండా ఉండటం ఇంత కష్టమా?" అన్నారు. "ఇంకా పద్నాలుగు నిమిషాలున్నాయి సార్, ముక్కు గోక్కోకండి," అన్నాను. బొమ్మ ఆయనలా లేదు. చెవి మాత్రం అచ్చం ఆయనదే అని ఔరికా అంటోంది. మెడ వాలే ఉంది.

ఎనిమిది మార్కుల పత్రం వ్రాసి ఇవ్వడానికి చూస్తే అట్టలో కాగితాలు అయిపోయినందున, ఆయన నా బొమ్మ వెనకాలే వ్రాసి సంతకం పెట్టి ఇచ్చారు. అది ఇందుతో జతపరిచాను. ఒక వైపు ఫెవ్రోనియా మార్కు, రెండో వైపు చొక్కా లేని ఆచార్యులు. రిజిస్టరులో దాఖలు చేసేటప్పుడు ఏ వైపు పైకి పెట్టాలో తమ చిత్తం.